నల్ల కారు, రెండు సీసాలు, ఎనిమిది ప్యాడ్లు: ప్రాజెక్టు డైరీ

నవంబరు 23

నాన్న కారు తాళాలు నా చేతికిచ్చి వారమైంది. 2014లో కొన్న నల్ల హోండా సిటీ. నీడలో నిలిపితే ఇప్పటికీ నిగనిగలాడుతుంది. ఉదయం ఎనిమిదింటికి అపార్టుమెంటు గేటు పక్క నుంచి ఎండ ఏటవాలుగా బానెట్టు మీద పడినప్పుడు దాని అసలు స్థితి తెలుస్తుంది. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. నేను పక్కకు జరిగితే గూడు కూడా నాతోపాటు జరుగుతుంది.

నిజానికి అవి గుండ్రంగా లేవు. అన్ని దిక్కులకూ చిందరవందరగా ఉన్న చిన్న చిన్న గీతల్లో, వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి. అందుకే వెలుగు ఎక్కడ పడితే అక్కడ వలయాలు కనిపిస్తాయి. పదేళ్ల పాటు రోజూ ఉదయం పొడిగుడ్డతో దుమ్ము దులిపిన ఫలితం ఇది. పది కార్లకు ఒకే బకెట్టు నీళ్లు, ఒకే గుడ్డ. ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుక రేణువే ప్రతి గీతకూ మూలం.

ఈ గీతలు పోగొట్టే పని నేనే నేర్చుకుని చేద్దామనుకుంటున్నాను. ఏం కొన్నాను, ఎందుకు కొన్నాను, ఏమైంది అన్నది ఇక్కడ రాసి పెట్టుకుంటాను.

నవంబరు 26

మూడు రాత్రులు చదివాక కొనవలసినవాటి జాబితా చూస్తే పద్నాలుగు వస్తువులు తేలాయి. అందులో సీసాలే ఆరు: గట్టి కాంపౌండు (అంటే గరుకు పాలిష్), మధ్యరకం పాలిష్, నున్నటి పాలిష్, గ్లేజు, మైనం, చివర్లో రక్షణగా పూసే సీలెంటు. ఇంత దేనికన్న అనుమానం వచ్చి జాబితా పక్కన పెట్టాను. అసలు సీసాలో ఏముంటుందో ముందు తెలుసుకోవాలనుకున్నాను.

పాలిష్ అంటే నునుపు చేసే నూనె అని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది నూనెల్లో, నీళ్లలో కలిపిన అతి సన్నని రాపిడి పొడి. ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్. అంటే పాలిష్ దేన్నీ పూడ్చదు, పైపొరను అరగదీస్తుంది. గీత అడుగు ఎంత లోతులో ఉందో దాని చుట్టూ ఉన్న తలాన్ని అంత లోతుకు దించుతుంది.

ఆ పైపొర పేరు క్లియర్ కోటు. రంగు మీద వేసే పారదర్శకమైన పూత. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది అదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద రేకు నుంచి పైదాకా అన్ని పూతలూ కలిపితే సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు. అంటే దాదాపు ఒక ఏ4 కాగితం మందం. అందులో క్లియర్ కోటు వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. ఈ అంకె తెలిశాక సీసాలను చూసే తీరే మారిపోయింది. ఇన్నాళ్లూ ఏది ఎక్కువ గీతలు తీస్తుందా అని చూస్తూ వచ్చాను. ఏది తక్కువ పూత తీసి పని జరిపిస్తుందో చూడాలి.

రాపిడి పొడిలోనూ రెండు తీరులు ఉన్నాయి. ఒకటి, పని జరుగుతుండగా తానే నలిగి సన్నబడుతుంది. జర్మనీ వారి మెంజెర్నా పాలిష్‌లు ఈ రకం. మొదట్లో కోస్తాయి, చివర్లో నునుపు తెస్తాయి. మధ్యలో ఆపేస్తే మసక మిగిలిపోతుంది. రెండోది, మొదటి నుంచి చివరిదాకా ఒకే పరిమాణంలో ఉండేది. అమెరికా వారి మెగ్వైర్స్ 105, 205 పాలిష్‌లు ఈ కోవలోవి. వాటితో ఎంతసేపు పని చేయాలో చేసేవారే కనిపెట్టాలి. నాలాంటి కొత్తవాళ్లకు మొదటి రకంలో ఒక సౌకర్యం ఉందనిపించింది. పాలిష్ పలచబడి నూనె పొరలా అయ్యేదాకా తిప్పాలి, అప్పుడు ఆపాలి. కంటికి కనిపించే గుర్తు ఒకటి ఉంటుంది.

నవంబరు 30

ఆటోనగర్ వెళ్లాను. విజయవాడలో పుట్టి పెరిగి, ఆటోనగర్‌లో పెయింటు పని దగ్గర నిలబడి చూడటం ఇదే మొదటిసారి. స్క్రాపు దుకాణంలో సాధన కోసం ఎర్రటి పాత బానెట్టు ఒకటి బేరమాడి కొన్నాను. అక్కడికి రెండు షెడ్ల అవతల ఒక పెద్దాయన లారీ క్యాబిన్‌కు రబ్బింగ్ చేస్తున్నారు. ముప్పై ఏళ్లకు పైగా పెయింటు పనిలోనే ఉన్నారట. నా బానెట్టు చూసి, "దీనితో ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. చెప్పాను.

ఆయన నవ్వలేదు. తన రోటరీ మెషిన్‌కు ఉన్ని ప్యాడు బిగించి, బానెట్టు మధ్యలో చెంచాడు కాంపౌండు పూసి తిప్పారు. నిమిషంలో అద్దంలా అయింది. తరువాత, "ఇప్పుడు ఇది చూడు" అంటూ బానెట్టు మధ్య మడత మీదికి మెషిన్ తీసుకెళ్లి అక్కడే ఆపి ఉంచారు. నాలుగైదు సెకన్లు. ప్యాడు పైకెత్తి చూపించారు. అప్పటిదాకా తెల్లగా ఉన్న ఉన్ని అంచున ఎర్రటి చారిక.

"ఇంతసేపూ తెలుపే వచ్చింది కదా. పైన క్లియర్ ఉంది కాబట్టి. రంగు కనబడిందంటే క్లియర్ అయిపోయినట్టు. ఇక దాన్ని తెచ్చేది పాలిష్ కాదమ్మా, మళ్లీ పెయింటే."

ఆ మడత మీద వేలు పెట్టి చూశాను. ఇంకా వేడిగానే ఉంది. చుట్టూ ఉన్న మెరుపు మధ్యలో బియ్యపు గింజ వెడల్పున రంగు పొడిబారి, నిర్జీవంగా కనిపించింది. పదునైన మడతల మీద, అంచుల మీద పూత పలచగా ఉంటుందని చదివాను గానీ, ఎంత త్వరగా పోతుందో కంటితో చూడటం వేరు. మాస్కింగ్ టేపు ఒకటి చాలనుకున్నాను, మూడు కొన్నాను.

వచ్చేటప్పుడు ఆయన చెప్పిన మరో మాట: "మందు గురించి అంత ఆలోచించకు. ప్యాడు గురించి ఆలోచించు." మందంటే ఆయన భాషలో సీసాలోని పాలిష్. ఆ మాట నాకింకా పూర్తిగా అర్థం కాలేదు.

డిసెంబరు 4

మెషిన్ నిర్ణయమైపోయింది. రోటరీ వద్దనుకున్నాను. అది ఒకే ఇరుసు మీద తిరుగుతుంది, వేడి ఒకచోటే పోగుపడుతుంది, ఆటోనగర్‌లో చూసింది అదే. డ్యూయల్ యాక్షన్ మెషిన్‌లో ప్యాడు తన చుట్టూ తాను తిరుగుతూ, మరో పక్క ఊగిసలాడుతుంది. నొక్కుడు ఎక్కువైతే తిరగడం మానేసి ఊగిసలాట మాత్రమే మిగులుతుంది. పూత కాలిపోయే ప్రమాదం దానివల్ల బాగా తగ్గుతుంది. ఊగిసలాట 8, 15, 21 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. 21 బల్లపరుపు తలాల మీద వేగంగా పని చేస్తుంది గానీ వంపుల మీద తరచూ ఆగిపోతుందన్నారు. 15 తీసుకున్నాను, 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటుతో (ప్యాడును అతికించే పలక).

ప్యాడ్ల దగ్గర ఒక ఉచ్చు ఉంది. రంగును బట్టి ప్యాడు గరుకుదనం తెలుస్తుందని అనుకుంటాం. ఒక కంపెనీ లోపల అది నిజమే, కంపెనీ మారితే కాదు. మెగ్వైర్స్ వారి పసుపు ప్యాడు పాలిషింగ్‌కు, అంటే మధ్యరకం. లేక్ కంట్రీ వారి పసుపు ప్యాడు గట్టి కోతకు. ఒకరి వీడియో చూసి "పసుపు ప్యాడు" అని రాసుకుని, ఇంకొకరి పసుపు ప్యాడు కొంటే పని తారుమారవుతుంది. అందుకే అన్ని ప్యాడ్లూ ఒకే కంపెనీవి తీసుకున్నాను. ఆ కంపెనీ ఇచ్చిన పట్టికను గోడకు అతికించుకున్నాను.

జాబితాలో చివరకు మిగిలినవి:

మెంజెర్నా 2500 ఒక సీసా, మధ్యరకం కోత. 3800 చిన్న సీసా, చివరి నునుపుకు. వాళ్ల లెక్కలో అంకె పెరిగేకొద్దీ కోత తగ్గుతుంది. 400 అనే గట్టి కాంపౌండు కూడా బుట్టలో వేసి, తీసేశాను. అది దగ్గరుంటే మొదటి అరగంటలోనే దాని మూత తీస్తానని నాకు తెలుసు. ఫోము ప్యాడ్లు ఎనిమిది: కోతకు రెండు, పాలిషింగ్‌కు నాలుగు, ఫినిషింగ్‌కు రెండు. సీసాలకంటే ప్యాడ్లు ఎక్కువెందుకంటే, ఒక్కో ప్యాడు రెండు మూడు భాగాలకే పాలిష్‌తో, అరిగిన పూతతో నిండి బరువెక్కుతుంది. తడిసి వేడెక్కిన ప్యాడుతో కారంతా లాగించకూడదు.

గ్లేజు వద్దనుకున్నాను. మైనం కలిసిన పాలిష్‌లూ వద్దనుకున్నాను. వాటిలోని నూనెలు గీతల్లోకి చేరి పూడ్చినట్టు చూపిస్తాయి. నాలుగుసార్లు కారు కడిగితే గీతలు తిరిగొస్తాయి. నేను చేసిన పని నిజంగా జరిగిందో లేదో తెలియకపోవడం నేర్చుకునేవారికి పెద్ద నష్టం.

డిసెంబరు 8

పాత కార్లు కొని అమ్మే మా బాబాయి దగ్గర పెయింటు మందం కొలిచే మీటరు తెచ్చాను. రేకు మీద పెడితే అన్ని పూతలూ కలిపిన మందం చెబుతుంది. క్లియర్ కోటు ఒక్కటే ఎంతుందో విడిగా చెప్పలేదు. ప్లాస్టిక్ బంపర్ల మీద అసలు పలకదు.

బానెట్టు 112 నుంచి 119. రూఫు 108. ముందు తలుపులు రెండూ 115 చుట్టుపక్కల. డిక్కీ 121. ఎడమ వెనుక తలుపు 236.

మీటరు చెడిందనుకుని మళ్లీ పెట్టాను. 241. పైన 238, కింద 229. మిగతా కారుకు రెట్టింపు. అంటే ఆ తలుపుకు పాత రంగు మీదే మళ్లీ రంగు వేశారు.

సాయంత్రం టీ తాగుతుండగా నాన్నను అడిగాను. కాసేపు కప్పు వైపే చూస్తూ కూర్చున్నారు. "నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు గేటుకు తగిలించాను తల్లీ. మీ అమ్మకు కూడా చెప్పలేదు. మర్నాడే రంగు వేయించాను" అన్నారు. వంటింట్లో గరిటె చప్పుడు ఒక క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

డిసెంబరు 14

కడుగుడు రోజు. రెండు బకెట్లు, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి. అందుకని చివరి కడుగు మున్సిపల్ కుళాయి నీళ్లతో, నీడలో. పాత మచ్చల మీద సగానికి సగం నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ కాసేపు ఉంచి కడిగితే చాలావరకు పోయాయి. లోపలికి తిన్నవి మిగిలాయి.

తరువాత ఇనుప రజను తీసే స్ప్రే. బ్రేకుల నుంచి రాలిన ఇనుప రేణువులు పూతలో గుచ్చుకుని ఉంటాయి. స్ప్రే వాటిని తాకితే ఊదారంగుకు మారి కారుతుంది. వెనుక చక్రాల పక్కన ఊదా ధారలే. ఆపైన క్లే, అంటే పూతకు అంటుకున్న రేణువులను లాగేసే బంకమట్టి లాంటి ముద్ద. చేతికి పలచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తలుపు మీద నిమిరితే, క్లేకు ముందు ఉప్పు చల్లినట్టు తగిలింది, తరువాత గాజులా జారింది. ఈ మెట్టు వదిలేస్తే ఆ రేణువులన్నీ ప్యాడు కిందికి చేరి కొత్త గీతలు గీస్తాయి.

డిసెంబరు 15

పరీక్ష రోజు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన రోజు కూడా ఇదే.

బానెట్టు మీద 45 సెంటీమీటర్ల చదరం టేపుతో గీసుకున్నాను. దాన్ని మూడు పట్టీలు చేశాను. ముందు అన్నిటికంటే మెత్తని పద్ధతి, చాలకపోతే ఒక మెట్టు పైకి. ఒకేసారి ఒకటే మార్చాలి, మందు గాని ప్యాడు గాని. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

మొదటి పట్టీ: 2500, పాలిషింగ్ ప్యాడు. ప్యాడుకు ముందు కొద్దిగా పాలిష్ పట్టించి, దాని మీద శనగగింజలంత చుక్కలు నాలుగు పెట్టాలి. నేను ఎనిమిది పెట్టాను. ఎక్కువ వేస్తే ఎక్కువ పని జరుగుతుందన్న నమ్మకం చేతిలో ఎక్కడో ఉంది. ఒకటో స్పీడులో పరిచి, అయిదుకు పెంచాను. చుక్కలు కరిగి జిగటగా మారాయి. ప్యాడు పాలిష్ మీద తేలుతున్నట్టే ఉంది తప్ప పట్టు లేదు. తుడిస్తే గీతలు కొన్ని తగ్గాయి, అంతే. బ్యాకింగ్ ప్లేటు అంచున మార్కరుతో ఒక గీత గీసి మళ్లీ ఆన్ చేశాను. గీత తిరగడం లేదు. ఒకేచోట వణుకుతోంది. నేను మెషిన్‌ను ఒక పక్కకు వంచి పట్టుకున్నాను. ప్యాడు తిరగనప్పుడు కోత దాదాపు ఉండదు.

ప్యాడు మార్చి, నాలుగే చుక్కలతో, మెషిన్ బరువుకు కాస్త చేతి బరువు మాత్రమే కలిపి, సెకనుకు అంగుళం చొప్పున అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా నడిపాను. ప్లేటు మీద గీత నిదానంగా తిరుగుతూ కనిపించింది. మూడో విడతకు పాలిష్ పలచబడి దాదాపు పారదర్శకమైంది. ఆపాను. నీళ్లలో 15 శాతం కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి తుడిచాను. నూనె మిగిలి ఉంటే అది కూడా పోవాలి, లేకపోతే కళ్లు మోసపోతాయి. ఎల్‌ఈడీ టార్చి పెట్టి చూశాను.

మొదట నమ్మకం కలగలేదు. అదే సీసా, అదే ప్యాడు రకం. సాలెగూడు సగానికి పైగా పోయింది. మందు మారలేదు, చేయి మారింది.

రెండో పట్టీ: మందు అదే 2500, ప్యాడు మాత్రం కోత ప్యాడు. సాలెగూడు దాదాపు పూర్తిగా పోయింది. ఆటోనగర్ పెద్దాయన మాట అప్పుడు తలకెక్కింది. ఒకే మందును ప్యాడు రెండు వేర్వేరు మందులుగా మార్చేసింది. అయితే టార్చి కింద పల్చని పొగలాంటి మసక వచ్చింది. కోత ప్యాడు తన గుర్తు తానే వదిలిపెట్టింది. నల్లరంగు మీద ఇది దాగదు. తెల్లకారైతే బహుశా ఎవరికీ కనిపించేది కాదు.

మూడో పట్టీ: రెండో పట్టీలో చేసిందంతా చేసి, ఆపైన 3800, ఫినిషింగ్ ప్యాడు, మూడో స్పీడు, చేతి బరువు లేకుండా. మసక పోయింది. టార్చి బల్బులోని చుక్కలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ప్రతిబింబం కనిపించింది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

డిసెంబరు 16

మూడో పట్టీ పద్ధతినే కారంతా చేయాలా? రాత్రంతా అదే ఆలోచన. వద్దని నిర్ణయించుకున్నాను.

పాలిషింగ్ ప్యాడుతో రెండు విడతలు చేస్తే సాలెగూడులో చాలాభాగం పోతుంది. మిగిలేవి గోరుకు తగిలే లోతు గీతలు, అవి ఏ పద్ధతికైనా లొంగవు. వాటి అడుగు దాకా దిగితే క్లియర్ కోటు చాలా భాగం ఖర్చయిపోతుంది. ఈ కారు ఇంకో పదేళ్లు విజయవాడ ఎండలో తిరగాలి. కోత ప్యాడు బానెట్టుకు, డిక్కీకి మాత్రమే. మిగతా కారుకు పాలిషింగ్ ప్యాడు, ఆపైన ఫినిషింగ్. రూఫు 108 మాత్రమే కాబట్టి దాని మీద ఒక్క విడతే.

డిసెంబరు 21 నుంచి జనవరి 4

సెలవు రోజుల్లో ఉదయం ఆరున్నర నుంచి పది దాకా పని. ఎండెక్కితే రేకు వేడెక్కి పాలిష్ ఎండిపోతుంది. రోజుకు రెండు భాగాలు, ఒక్కోసారి ఒకటే. తలుపుల హ్యాండిళ్ల చుట్టూ, మడతల మీద టేపు. ప్రతి చదరం తరువాత ప్యాడును బ్రష్షుతో దులపడం. ఇంతకంటే రాయవలసిందేమీ లేదు, పని అలా సాగింది.

ఎడమ వెనుక తలుపు మాత్రం వేరుగా ప్రవర్తించింది. మిగతా కారు మీద పలచగా కరిగే పాలిష్ దాని మీద ముద్దలు కట్టి, పొడి రాల్చింది. గీతలు కూడా తొందరగా పోతున్నట్టు అనిపించింది. ఫ్యాక్టరీ పూతను చాలా ఎక్కువ వేడిలో ఆరబెడతారు, షెడ్డులో వేసిన పూత వేరే రకం. మందం ఎక్కువుంది కదా అని ధైర్యం చేయలేదు. ఆ మందంలో క్లియర్ ఎంతో మీటరు చెప్పదు. అక్కడే చిన్న చదరంలో మళ్లీ పరీక్ష చేసి, స్పీడు నాలుగుకు తగ్గించి, నేరుగా 3800తోనే చేశాను. సరిపోయింది.

జనవరి 14

భోగి మంటల బూడిద కారు నిండా. నాన్న అలవాటుగా గుడ్డ తీసుకుని కిందికి వచ్చారు. మెట్ల మీద నుంచే కేక వేశాను. ఆయన గుడ్డ వెనక్కి దాచుకున్నారు. బూడిదను పొడిగా తుడిస్తే నెల రోజుల పని ఒక్క నిమిషంలో పోతుంది. ముందు నీళ్లతో బాగా తడిపి, బూడిద తనంతట తాను జారిపోయాక షాంపూతో కడిగాం. నాన్న పైపు పట్టుకున్నారు.

జనవరి 18

కారంతా ఆల్కహాల్ నీళ్లతో తుడిచి, సీలెంటు పూశాను. పూత మీద గట్టిపడి అతుక్కుపోయే సెరామిక్ కోటింగు ఇప్పుడు వేయడం లేదు. దాని కింద ఏ పొరపాటు ఉండిపోయినా, దాన్ని సరిచేయడానికి మళ్లీ పాలిష్‌తో కోటింగునే తీయాలి. ఒక వేసవి గడవనిచ్చి చూస్తాను.

మీటరు మళ్లీ తెచ్చి కొలిచాను. బానెట్టు మీద 110 నుంచి 117. రెండు మైక్రాన్ల తేడా అనుకోవచ్చు, మీటరు తడబాటు కూడా అంతే ఉంటుంది. 2500 సీసాలో సగానికి పైగా మిగిలింది. 3800 మూడో వంతు మిగిలింది. కోత ప్యాడు రెండోది ప్యాకెట్టు విప్పనేలేదు. మళ్లీ కొనవలసివస్తే పాలిషింగ్ ప్యాడ్లు ఇంకో రెండు ఎక్కువ తీసుకుంటాను.

డ్రైవరు తలుపు మీద తాళంచెవి గీత ఉంది, వేలెడంత పొడవు. ముందే వదిలేద్దామనుకున్నది. ఉదయం ఎండలో అది ఒక్కటే కనిపిస్తుంది, దాని చుట్టూ ఇప్పుడు ఏ సాలెగూడూ లేదు.

వెనుక బంపరు మిగిలింది. ప్లాస్టిక్ వేడిని తొందరగా వదలదు, మీటరు కూడా అక్కడ పలకదు. వచ్చే ఆదివారం 3800తో, మూడో స్పీడులో, అరచేయంత జాగాలో మొదలుపెడతాను. ఆటోనగర్ పెద్దాయన మెషిన్ పట్టుకుని ఒకసారి రమ్మన్నారు, ఎర్ర బానెట్టు ఇంకా ఆయన షెడ్డులోనే ఉంది.